గడువు, దండుగ, క్రియాపదం: వీడియో ప్రాసెసర్ల రూపకల్పన రచనలపై ఒక విమర్శ

వ్యాస సంగ్రహం: వీడియోను గడువులోపల సంస్కరించే ప్రత్యేక ప్రాసెసర్ల నిర్మాణంపై వెలువడిన రచనల్లో, స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం నుంచి 2010లో వచ్చిన ఒక పరిశోధన పత్రం తరచుగా ఉదాహరణకు వస్తుంది. ఆ పత్రాన్నీ, దాని వెనుక వచ్చిన కొన్ని ప్రయత్నాలనూ ఒక వాదనగా చదవడం, ఆ వాదన తెలుగులోకి వచ్చేటప్పుడు ఏయే మాటల దగ్గర తడబడుతుందో చూడడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: వీడియో ఎన్‌కోడర్, ప్రత్యేక ప్రాసెసర్, గడువు, ఓవర్‌హెడ్, శాస్త్రానువాదం, క్త్వార్థకం.

ఉపోద్ఘాతం

ఇంజనీరింగ్ పరిశోధన పత్రాన్ని తెలుగు శాఖలో పనిచేసే వ్యక్తి ఎందుకు చదవాలన్న ప్రశ్న సహజమైనదే. ఒక కారణం అందరికీ కనిపించేది. ఇంజనీరింగ్ డిగ్రీ చదువును భారతీయ భాషల్లో బోధించేందుకు అఖిల భారత సాంకేతిక విద్యామండలి 2021లో అనుమతి ఇచ్చినప్పుడు, మొదటి విడత ఐదు భాషల్లో తెలుగు ఒకటి. అంతవరకు సభల్లో తీర్మానాలుగా మిగిలిన విషయం ఆ ఏడాది తరగతి గదికి చేరింది. హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎండీ వంటి సంస్థల చిప్ రూపకల్పన కేంద్రాలున్నాయి. తెలుగు మాతృభాషగా గలవారు ఆ పనిలో ఉన్నారు. ఆ పని గురించి తెలుగులో ఆలోచించి రాసిన వాక్యాలు మాత్రం వెతికితే గాని దొరకవు.

రెండో కారణం నాకు ముఖ్యమైనది. ఇంజనీరింగ్ పత్రాలు అంకెలతో నిండి ఉన్నా, అవి వాదనలే. వాటిలో ఉపమలున్నాయి, విలువ తీర్పులున్నాయి, ఒక మాట చాటున దాగిన పక్షపాతాలున్నాయి. ఆంగ్లంలో చదివేటప్పుడు కంటికి ఆనని ఆ తీర్పులు, తెలుగు చేయబోతే ఎదురు నిలబడతాయి. అనువాదకుడు ఒక మాటను ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే ఒక పక్షం వహించినవాడవుతాడు. ఈ వ్యాసంలో నేను పరిశీలించబోయేది ఆ క్షణాలనే.

గడువు అనే మాట

మొదటి చిక్కు ‘రియల్ టైమ్’ దగ్గరే మొదలవుతుంది. దీన్ని ‘నిజకాలం’ అని అనువదించడం మాటకు మాట పెట్టడమే. ‘తక్షణ’, ‘తత్కాల’ అన్నవి కొంత మెరుగు. కాని అవి వేగాన్ని సూచిస్తాయి. సాంకేతికార్థంలో ఈ భావనకు వేగంతో నేరుగా సంబంధం లేదు. పని ఎంత త్వరగా అయిందన్నది కాకుండా, చెప్పిన వేళకు అయిందా లేదా అన్నదే ఇక్కడి ప్రశ్న. తెలుగులో దీనికి ‘గడువు’ అనే మంచి మాట వాడుకలో ఉంది. శిస్తుకు గడువుంటుంది, అప్పుకు గడువుంటుంది. గడువుకు ముందే కట్టినవాడికి ప్రత్యేక గౌరవమేమీ లేదు. దాటినవాడికి మాత్రం చిక్కు తప్పదు. వీడియో విషయంలోనూ అంతే.

సెకనుకు 60 ఫ్రేములు చూపవలసిన తెరకు ఒక్కొక్క ఫ్రేముకూ దక్కే సమయం సుమారు 16.67 మిల్లీసెకన్లు. అడ్డం 1,920, నిలువు 1,080 పిక్సెళ్లున్న ఫ్రేములో మొత్తం 20,73,600 పిక్సెళ్లు. సెకనుకు 12 కోట్ల 44 లక్షలకు పైగా. అంటే ఒక్కో పిక్సెల్‌కు సగటున ఎనిమిది నానోసెకన్లు. ఒక గిగాహెర్ట్జ్ వేగంతో నడిచే ప్రాసెసర్‌కు అది ఎనిమిది క్లాక్ చప్పుళ్లు మాత్రమే.

ఇక్కడ మన సాహిత్య సంప్రదాయంలోని ఒక భేదం పనికివస్తుంది. ఘంటాశతకం చెప్పే కవి గంటలో నూరు పద్యాలు పూర్తి చేయాలి. లెక్కకు పద్యానికి 36 సెకన్లు. అయితే ఒక పద్యం దగ్గర నిమిషం ఆగినా, తర్వాతి రెండు మూడు పద్యాల్లో ఆ లోటు పూడ్చుకోవచ్చు. సభ చూసేది మొత్తాన్ని. అదే కవికి ఒకరు సమస్య ఇచ్చి, ‘ఇప్పుడే, ఇక్కడే’ అని పట్టుబడితే పరిస్థితి వేరు. తర్వాతి పద్యం ఎంత వేగంగా చెప్పినా ఈ సమస్య దగ్గరి మౌనం పూడదు. ముందే చిత్రీకరించిన సినిమాను ఇంటర్నెట్‌లో చూడడం ఘంటాశతకం వంటిది. కొన్ని సెకన్ల దృశ్యాన్ని ముందుగా నిల్వ చేసుకుని ఎగుడుదిగుళ్లను సర్దవచ్చు. వీడియో కాల్ రెండో రకం. అక్కడ నిల్వ పెంచితే మాటకు మాట అందదు, అవతలివారు ‘వినిపిస్తోందా?’ అని అడిగేలోగా ఇవతలివారు కూడా అదే అడుగుతుంటారు. ఈ రెండింటినీ ఒకే ‘రియల్ టైమ్’ కింద కలిపేసిన రచనలు ఆంగ్లంలోనూ తక్కువేమీ లేవు. రూపకర్తకు మాత్రం ఈ భేదం ప్రాణప్రదం: మొదటిదానికి సగటు వేగం చాలు, రెండోదానికి అన్నిటికంటే మందకొడి ఫ్రేము కూడా గడువులో ఇమడాలి.

ఐదువందల రెట్ల లెక్క

రెహాన్ హమీద్, మార్క్ హోరోవిట్జ్, మరి కొందరు సహరచయితలు కలిసి 2010లో కంప్యూటర్ నిర్మాణ శాస్త్ర అంతర్జాతీయ సదస్సులో సమర్పించిన పత్రం, సాధారణ ప్రాసెసర్ల అసమర్థతకు మూలాలు ఎక్కడున్నాయని ప్రశ్నిస్తుంది. వారు ఎన్నుకున్న లక్ష్యం హెచ్.264 ప్రమాణం ప్రకారం 1,280 × 720 పిక్సెళ్ల వీడియోను కుదించే ఎన్‌కోడర్. ఆ ఎన్నికలోనే ఔచిత్యం ఉంది. ఈ ఒక్క పనిలోనే పరస్పర విరుద్ధ స్వభావాలు గల ఉపకార్యాలు ఉన్నాయి.

వాటిలో పెద్దది చలన అంచనా. ఫ్రేమును 16 × 16 పిక్సెళ్ల గళ్లుగా విడదీస్తారు. 720 వరుసల ఫ్రేములో అలాంటి గళ్లు 3,600. సెకనుకు 30 ఫ్రేములైతే 1,08,000 గళ్లు. ప్రతి గడికీ, కిందటి ఫ్రేములో దానిని ఎక్కువగా పోలిన చోటు ఎక్కడుందో వెతకాలి. వెతుకులాటను నాలుగు దిక్కులా 16 పిక్సెళ్ల దూరానికి పరిమితం చేసి, ఏ చోటూ వదలకుండా చూశామనుకుందాం. అప్పుడు చూడవలసిన చోట్లు 33 × 33, అంటే 1,089. ఒక్కో చోట 256 తేడాలు. ఒక్క గడికి 2,78,784 తేడాలు; సెకనుకు సుమారు 3,010 కోట్లు. ఒక గిగాహెర్ట్జ్ ప్రాసెసర్ చప్పుడుకొక తీసివేత చేసినా సెకనుకు 100 కోట్లే చేయగలదు. వెతుకులాటను తెలివిగా తగ్గించే పద్ధతులు ఎన్నో ఉన్నాయి. వాడుకలో ఉన్నవి అవే. అయినా సమస్య పరిమాణం తెలియడానికి ఈ మోటు లెక్క అవసరం.

పత్రం చేసిన పని ఇది. నాలుగు సాధారణ ప్రాసెసర్ల వ్యవస్థపై ఎన్‌కోడర్‌ను నడిపి, దాన్ని ఇదే పనికి ప్రత్యేకించి కట్టిన చిప్‌తో పోల్చింది. ప్రత్యేక చిప్ 500 రెట్లు తక్కువ శక్తితో పని ముగిస్తుందని తేలింది. ఆ తర్వాత సాధారణ ప్రాసెసర్‌ను మెట్టు మెట్టుగా మారుస్తూ పోయింది. ఒకే ఆదేశంతో అనేక అంకెలపై పని చేయించడం వంటి, ఏ రంగానికైనా పనికివచ్చే మార్పులు చేస్తే వేగం 10 రెట్లు పెరిగింది, శక్తి ఖర్చు 7 వంతులలో ఒక వంతుకు దిగింది. పాఠకుడు ఇక్కడ ఆగి లెక్క వేసుకోవాలి. 500లో 7 పోతే మిగిలినది ఇంకా 70 రెట్లకు పైగా. అంటే పాఠ్యపుస్తకాలు ఎంతగానో మెచ్చుకునే సమాంతరతకు ఈ అగాధంలో దక్కిన వాటా స్వల్పం. అసలు లాభం ఆ తర్వాతి మెట్టులో వచ్చింది. ఒక్కో ఉపకార్యానికీ దానికి మాత్రమే సరిపోయే నిల్వలు, గణనాంగాలు కట్టి, ఒక్క ఆదేశంతో వందల లెక్కలు జరిగేటట్లు చేశారు. మరో 25 రెట్లు మెరుగయింది. 7ను 25తో హెచ్చిస్తే 175. 500ను దానితో భాగిస్తే మూడుకు కొంచెం తక్కువ. పత్రం చివర చెప్పిన ‘ప్రత్యేక చిప్ శక్తికి మూడు రెట్లలోపు’ అన్న మాట ఇలా నిలబడుతుంది. అంకెలు ఒకదానికొకటి సాక్ష్యం చెప్పుకునే ఇటువంటి నిజాయితీ అన్ని పత్రాల్లోనూ కనిపించదు.

ఆ చివరి మెట్టు మర్మం వెతుకులాటలోనే ఉంది. 16 × 16 కిటికీని ఒక్క నిలువు వరుస పక్కకు జరిపితే కొత్తగా కావలసిన పిక్సెళ్లు 16 మాత్రమే. మిగిలిన 240 అక్కడే ఉన్నాయి. సాధారణ ప్రాసెసర్ ఆ 240ని కూడా మళ్లీ చదువుతుంది, ఎందుకంటే వాటి ఇరుగుపొరుగు సంబంధం దానికి తెలియదు. దాని దృష్టిలో మెమరీ చిరునామాలన్నీ ఒకటే. రెండు దిశల్లోనూ జరుపుకోగల రిజిస్టర్ల పటలం కడితే, పాతవి పక్కింటికి జరుగుతాయి, కొత్తవి మాత్రం బయటినుంచి వస్తాయి. లెక్కను వేగిరపరచడం కంటే సరుకును కదిలించకుండా ఉండడమే ఇక్కడి విద్య.

దండుగా? బీమా?

ఇప్పుడు నా అభ్యంతరం ఉన్న చోటుకు వద్దాం. సాధారణ హితమైన మార్పులు చేసిన తర్వాత కూడా ఖర్చయ్యే శక్తిలో 90 శాతానికి పైగా ‘ఓవర్‌హెడ్’ అని ఆ పత్రం తేల్చింది. ఈ తీర్పుకు బలమైన ఆధారం ఉంది. హోరోవిట్జ్ 2014లో ఒక ప్రసంగ పత్రంలో ఇచ్చిన లెక్క ప్రకారం, 45 నానోమీటర్ల సాంకేతికతలో 32 బిట్ల కూడికకు పట్టే శక్తి 0.1 పికోజౌల్. ఆ కూడికను చేయమనే ఆదేశాన్ని తెచ్చి, విప్పి, అమలు చేయడానికి మొత్తం సుమారు 70 పికోజౌళ్లు. రూపాయి పనికి ఏడువందల రూపాయల ఏర్పాట్లు.

అయితే ‘ఓవర్‌హెడ్’ను తెలుగులో ఏమనాలి? ‘దండుగ’ అంటే పత్రం ధ్వనిని సరిగ్గా పట్టుకున్నట్టే. చదివినవారికి ఆ 90 శాతం వృథా అన్న భావమే కలుగుతుంది. ‘నిర్వహణ వ్యయం’ అంటే అర్థం మారుతుంది. పని జరగడానికి అది కూడా కావాలన్న స్ఫురణ వస్తుంది. ‘ఓవర్‌హెడ్’ అని లిప్యంతరీకరణ చేసి ఊరుకుంటే ఏ చిక్కూ లేదు, ఏ ఆలోచనా లేదు. ఆంగ్ల పదం ఈ రెండర్థాల మధ్య ఊగిసలాడుతూ ఉండగలదు. పత్రం ఆ ఊగిసలాటను వాడుకున్నదనే నా అభిప్రాయం: కొలిచేటప్పుడు అది నిర్వహణ వ్యయం, తీర్పు చెప్పేటప్పుడు దండుగ.

ఆ శక్తి దేనికి ఖర్చవుతోంది? ‘తర్వాత ఏం చేయాలి’ అని ప్రతి చప్పుడుకూ అడిగి తెలుసుకోవడానికి. అడిగి తెలుసుకునే యంత్రానికి రేపు వేరే మాట చెప్పవచ్చు. హెచ్.264 ప్రమాణం 2003లో వచ్చింది. దాని వారసుడైన హెచ్.265, గూగుల్ రూపొందించిన వీపీ9 రెండూ 2013 నాటివి. 2018లో ఏవీ1, 2020లో హెచ్.266. హెచ్.264లో పెద్ద గడి 16 × 16, హెచ్.265లో అది 64 × 64 దాకా పెరిగింది. పిక్సెళ్ల మధ్య విలువలను ఊహించే వడపోతలో హెచ్.264 ఆరు పిక్సెళ్లను చూస్తే, హెచ్.265 ఎనిమిది చూస్తుంది. ఆరు పిక్సెళ్ల వడపోతకు అచ్చుగుద్దినట్లు కట్టిన గణనాంగం ఎనిమిదికి పనికిరాదు. అది ఎంత పొదుపైనదైనా ఆ రోజుకు అది సిలికాన్ ముక్కే. ఈ కోణం నుంచి చూస్తే పత్రం దండుగ అన్నది బీమా ప్రీమియం అవుతుంది. ప్రీమియం ఎక్కువగా ఉందనవచ్చు. ఆ మాట న్యాయమే. ఇల్లు కాలలేదు కాబట్టి కట్టినదంతా వృథా అనడం వేరు.

ఛందస్సు తెలిసినవారికి ఈ సందిగ్ధం కొత్తది కాదు. ఉత్పలమాలలో ఇరవై అక్షరాలకు గురులఘువుల స్థానాలు ముందే నిర్ణయమై ఉన్నాయి, పదో అక్షరం యతిస్థానం. ఆ మూసలో ఇమిడే భావానికి అంతటి నడక మరెక్కడా రాదు. ఇమడని భావాన్ని అందులో కుక్కితే వ్యర్థపదాలు పడతాయి. వచనానికి ఆ నడకా లేదు, ఆ ఇరుకూ లేదు.

రచయితలకు ఈ సంగతి తెలియదనడం అన్యాయం. అదే బృందంలోని ఓఫర్ షాచమ్, హోరోవిట్జ్ తదితరులు 2010లోనే రాసిన మరో వ్యాసంలో, ఒక్కో పనికీ ఒక్కో చిప్‌ను చేత్తో చెక్కే బదులు చిప్‌లను పుట్టించే సాధనాలను రూపొందించాలని వాదించారు. 2013లో వచ్చిన ‘కన్వల్యూషన్ ఇంజిన్’ పత్రం ఇంకా సూటిగా సమాధానం చెప్పింది. చలన అంచనా, వడపోత, అంచుల గుర్తింపు వంటి పనులు పైకి వేరుగా కనిపించినా, ఒక కిటికీని చిత్రం మీదుగా జరుపుతూ, ప్రతి చోటా జతలవారీగా ఒక లెక్క చేసి, ఫలితాలను ఒకటిగా ముడివేయడమే వాటన్నిటి సామాన్య లక్షణమని ఆ పత్రం గుర్తించింది. ఒక్క పనికి బదులు ఆ లక్షణానికి యంత్రం కట్టారు. ఒక్క పనికే ప్రత్యేకించిన అంగంతో పోలిస్తే శక్తి, వైశాల్యాల్లో రెండు మూడు రెట్ల నష్టం. మామూలు సమాంతర యంత్రంతో పోలిస్తే చాలా అనువర్తనాలలో 8 నుంచి 15 రెట్ల లాభం. లక్ష్యాలను పరిశీలించి లక్షణాన్ని రాబట్టే ఈ పద్ధతి మన లాక్షణికులు మెచ్చదగినది. 2010 పత్రం కంటే ఇది తక్కువగా ప్రస్తావనకు రావడం నాకు ఆశ్చర్యంగానే ఉంది. 500 అన్న అంకెకు ఉన్న ఆకర్షణ ‘రెండు మూడు రెట్ల’కు లేకపోవడమే కారణమనుకుంటాను.

ఈ దారి 2017లో మార్కెట్టుకు చేరింది. గూగుల్ పిక్సెల్ 2 ఫోనులో అమర్చిన ‘పిక్సెల్ విజువల్ కోర్’ను ప్రపంచానికి పరిచయం చేస్తూ రాసినవారిలో షాచమ్ ఒకరు. ఒక్కొక్క దానిలో 512 గణనాంగాలున్న ఎనిమిది కోర్‌లు, వాటిని ‘హాలైడ్’ భాషలో నడిపించే ఏర్పాటు. ఈ చిప్‌లో కీలకమైనది వరుస నిల్వ. 3 × 3 వడపోతకు మొత్తం ఫ్రేమును దాచుకోనక్కరలేదు. పైనున్న రెండు వరుసలు చాలు. పిక్సెల్‌కు ఒక బైటు చొప్పున 1,920 పిక్సెళ్ల వెడల్పుకు 3,840 బైట్లు. ఫ్రేము మొత్తమైతే 20,73,600 బైట్లు, 540 రెట్లు. మొదటిది చిప్‌లోనే ఒక మూలన ఇమిడిపోతుంది. రెండోది బయటి మెమరీకి పోతుంది, అక్కడికి రాకపోకల ఖర్చు కూడికకు వేల రెట్లు. ఇంత చేసిన ఆ చిప్ పిక్సెల్ 3తో ఆగిపోయింది. 2019లో పిక్సెల్ 4 దాని స్థానంలో ‘పిక్సెల్ న్యూరల్ కోర్’తో వచ్చింది. మార్చుకోగల చిప్ కూడా మారిపోయింది. ప్రత్యేకతకూ సామాన్యతకూ మధ్య సరైన మెట్టును కనుగొన్నామని చెప్పే ఏ పత్రాన్ని చదివినా ఈ ఆయుర్దాయాన్ని పక్కన పెట్టుకుని చదవడం మేలు.

2021లో యూట్యూబ్ వీడియోల కోసం గూగుల్ కట్టిన ప్రత్యేక చిప్‌ల గురించి వెలువడిన పత్రం మరో పాఠం చెబుతుంది. తమ పాత వ్యవస్థతో పోలిస్తే 20 నుంచి 33 రెట్ల మెరుగుదల సాధించామని వారు ప్రకటించారు. నాకు అంతకన్నా విలువైనదిగా తోచింది వారు దేన్ని సిలికాన్‌లో గడ్డకట్టించలేదో చెప్పిన భాగం. ఏ ఫ్రేముకు ఎన్ని బిట్లు కేటాయించాలన్న నిర్ణయాన్ని సాఫ్ట్‌వేర్‌కే వదిలిపెట్టారు. చిప్‌లు పనిలోకి దిగిన తర్వాత కూడా ఆ భాగాన్ని దిద్దుకుంటూ పోయి, అదే నాణ్యతకు పట్టే బిట్ల సంఖ్యను తగ్గించుకోగలిగారు. ఇక్కడొక సూక్ష్మం ఉంది. వీడియో ప్రమాణాలు కుదించిన బిట్ల రూపాన్నీ, వాటిని విప్పే పద్ధతినీ శాసిస్తాయి. కుదించేవాడు ఎలా కుదించాలో చెప్పవు. ఎన్‌కోడర్ స్వేచ్ఛాజీవి. అందువల్ల ‘ఇంత శక్తితో కుదించాను’ అన్న మాట, ‘ఎంత బాగా కుదించావు’ అన్న ప్రశ్నకు జవాబు లేకుండా సగం వాక్యమే. 2021 పత్రం నాణ్యతను శక్తి పక్కన కూర్చోబెట్టింది. 2010 పత్రం ప్రశ్న వేరు కాబట్టి దానిని ఈ విషయంలో తప్పుపట్టను. కాని ఆ 500ను సందర్భం నుంచి పెరికి ఎక్కడబడితే అక్కడ నాటే ప్రసంగాలను తప్పుపట్టక తప్పదు.

నామవాచకాల తగాదా

తెలుగులో శాస్త్రరచన గురించి జరిగే చర్చ ఎక్కువగా నామవాచకాల చుట్టూ తిరుగుతుంది. ప్రాసెసర్‌ను ఏమనాలి, మెమరీని ఏమనాలి, పిక్సెల్‌కు సంస్కృతం నుంచి ఏ పదం తేవాలి. వీటిని ఉన్నవున్నట్టు తెలుగు లిపిలో రాస్తే పాఠకుడికి వచ్చే నష్టం నాకు కనబడదు; ఫోను చేతిలో ఉన్నవాడికి పిక్సెల్ పరాయి మాట కాదు. చిక్కంతా క్రియల్లో ఉంది.

ఉదాహరణకు ‘పైప్‌లైన్’. గొట్టమనీ, నాళమనీ అనువదిస్తే, లోపల ఏదో ప్రవహిస్తోందన్న భ్రాంతి తప్ప మరేమీ మిగలదు. యంత్రంలో జరిగేది ఇంటికప్పు మీదికి పెంకులు అందించుకోవడం. కింద ఒకరు, నిచ్చెన మెట్ల మీద ఇద్దరు, కప్పు మీద ఒకరు. ఒక పెంకు నేలనుంచి కప్పు చేరడానికి నాలుగు చేతులు మారాలి. అయినా మొదటిది చేరిన తర్వాత చప్పుడుకొక పెంకు పైకి వస్తూనే ఉంటుంది. అందరిలో నెమ్మదిగా అందించేవాడి వేగమే అందరి వేగం. ఆ ఒక్క చిత్రంలో ఆలస్యానికీ ఉత్పత్తి వేగానికీ ఉన్న భేదం, అడ్డంకి ఎక్కడ ఏర్పడుతుందన్న సంగతి రెండూ ఇమిడి ఉన్నాయి. 2010 పత్రంలోని నాలుగు ప్రాసెసర్ల అమరిక సరిగ్గా ఇదే: చలన అంచనా ఒకటి, దానికి సూక్ష్మమైన సవరణ మరొకటి, ఫ్రేము లోపలి అంచనా ఇంకొకటి, చివరి బిట్ల కూర్పు నాలుగోది. గడి చేయి మారుతూ పోతుంది.

దీనిని తెలుగు వాక్యంలో పెట్టబోతే వ్యాకరణం అడ్డుపడుతుంది. మన వర్ణనకు సహజమైన నడక క్త్వార్థకం: పిక్సెల్‌ను తెచ్చి, తేడా తీసి, మొత్తానికి కలిపి, ఫలితాన్ని దాచి... ఈ వాక్యం ఒకే కర్త ఒక పని ముగించి మరో పనికి పోతున్నట్లు చెబుతుంది. అది సాధారణ ప్రాసెసర్ స్వభావానికి అద్దం. పైప్‌లైన్‌ను ఇదే వాక్యంలో వర్ణించిన తెలుగు పాఠం చదివిన విద్యార్థికి యంత్రం పూర్తిగా తలకిందులుగా అర్థమవుతుంది. మాటలన్నీ సరైనవే అయినా. శత్రర్థకానికి మారితే, ‘తెస్తూ, తీస్తూ, కలుపుతూ’ అంటే, పనులు ఒకే కాలంలో జరుగుతున్నాయన్న భావం వస్తుంది. కాని కర్త ఇంకా ఒక్కడే. అష్టావధాని పరిస్థితి అది. ఎనిమిదిమంది పృచ్ఛకులకు ఒకే బుద్ధి వంతులవారీగా సమాధానం చెబుతుంది. వేర్వేరు అంగాలు ఏకకాలంలో పనిచేసే యంత్రానికి సరిపోయేది ‘ఉండగా’ రూపం: మొదటి అంగం నూరో గడిని వెతుకుతుండగా, రెండోది తొంభైతొమ్మిదో గడిని సవరిస్తుంది, మూడోది తొంభైఎనిమిదో గడి సంగతి చూస్తుంది. భిన్నకర్తృకమైన ఏకకాలికతను తెలుగు ఇంత సులువుగా చెప్పగలదు. వ్యాకరణంలో ఉన్న సౌకర్యాన్ని అనువాదాలు వాడుకోకపోవడానికి కారణం, ఆంగ్ల వాక్యంలోని ‘అండ్’లను ఒక్కొక్కటిగా క్త్వార్థకాలుగా మార్చుకుంటూ పోవడమే. యంత్రానువాదం ఈ అలవాటును ఇంకా గట్టిపరచే ప్రమాదం ఉంది. తెలుగు మాధ్యమంలో ఇంజనీరింగ్ పుస్తకాలను సరిచూసే పనిలో తెలుగు శాఖలకు చోటుండాలని నేననేది ఇందుకే. పారిభాషిక పదాల పట్టికలు తయారుచేయడానికి మాత్రమే మమ్మల్ని పిలవడం ఆ పనిని సగంలో వదిలేయడమవుతుంది.

ఎన్‌కోడర్‌లోని నాలుగో అంగం ఈ వివరణకు ఒక మినహాయింపు. ‘క్యాబాక్’ అని పిలిచే ఆ పద్ధతి, ముందు వెలువడిన చిహ్నాలను బట్టి తర్వాతి చిహ్నం సంభావ్యతను అంచనా వేసి, ఆ అంచనాను అప్పటికప్పుడు దిద్దుకుంటూ బిట్లను కూరుస్తుంది. వెనకటిది తేలితే గాని ముందరిది మొదలు కాదు. ఇరవైమందిని నిలబెట్టినా పెంకు ఒకరి చేతిలోనే ఉంటుంది. సమాంతర గణనాంగాలు ఎన్ని పెంచినా ఈ భాగానికి ఒరిగేది దాదాపు లేదు. దానికోసం ప్రత్యేకించిన అంగం కట్టి, ఒక్కొక్క అడుగును కుదించడమే మార్గమైంది. గడువు లెక్కలో ఇది చిన్న భాగమే. కాని మిగిలిన అంగాలన్నీ వేగం పుంజుకున్న కొద్దీ వరుసలో నెమ్మదిగా అందించేవాడు ఇతడే అవుతాడు. ఈ అంగాన్ని వర్ణించే తెలుగు వాక్యంలో మాత్రం ‘ఉండగా’కు పని లేదు: చిహ్నాన్ని తీసుకుని, సందర్భాన్ని చూసి, అంచనా వేసి, బిట్టును వెలువరించి, అంచనాను దిద్ది, ఆ తర్వాతే రెండో చిహ్నాన్ని ముట్టుకుంటుంది.